మేలు చేసినవాడి పేరు

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉగ్గుపాలు తాగుతున్న కాలంలో, మేఘవరం అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యాన్ని ధవళకీర్తి అనే రాజు ఏలేవాడు.

ధవళకీర్తి చెడ్డవాడు కాడు. ఎవరినీ కొట్టమనలేదు, ఎవరి కొంపా కూల్చమనలేదు. అతనికి ఉన్నది ఒక్కటే బలహీనత. మంచిమాట వింటే ముఖం వికసించేది. చెడ్డవార్త వింటే తలనొప్పి వచ్చేది.

కోట వాకిట ఒక పెద్ద కంచుగంట వేలాడుతుండేది. రాజుగారి తాత దాన్ని కట్టించాడు. కష్టం వచ్చినవారు ఎవరైనా సరే వచ్చి తాడు లాగవచ్చు. గంట మోగిందంటే రాజు అన్నం ముందు కూర్చున్నా లేచి రావాలి. అది ఆ వంశం తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు.

ధవళకీర్తి గద్దెనెక్కిన కొత్తలో ఒకనాడు, అతను పప్పులో నెయ్యి వేసుకుంటుండగా గంట మోగింది. వెళ్ళి తీర్పు చెప్పి వచ్చాడు. చారు పోసుకుంటుండగా మోగింది. వెళ్ళి వచ్చాడు. పెరుగు కలుపుకుంటుండగా మళ్ళీ మోగింది.

రాజు ఎంగిలిచేత్తోనే నిట్టూర్చాడు. "ఈ గంట మోగని రోజు ఎప్పుడు వస్తుందో కదా, మంత్రీ!" అన్నాడు.

జనానికి కష్టాలు లేని రోజు రావాలని రాజు కోరిక. పక్కనే నిలబడ్డ మంత్రి భుజంగరాయుడి చెవికి మాత్రం అది మరోలా వినబడింది.

"ఆ రోజు తప్పక వస్తుంది ప్రభూ. ఆ భారం నాకు వదిలేయండి" అన్నాడు.

మొదటి ఏడు మంత్రి వచ్చి, "ప్రభూ, దారిన పోయే మేకలు గంట తాడు నమిలేస్తున్నాయి. తాడు కాస్త పైకి కట్టించాలి" అన్నాడు. రాజు తల ఊపాడు. తాడు తొమ్మిది మూరల ఎత్తుకు పోయింది. ఇక నిచ్చెన ఉంటే గాని అందదు. నిచ్చెన కావలివాడి దగ్గర ఉంటుంది. కావలివాడి చెయ్యి తడిపితే గాని నిచ్చెన కదలదు.

రెండో ఏడు వచ్చి, "ప్రభూ, గంట నాలుక అరిగిపోయింది. మరమ్మత్తు చేయించాలి" అన్నాడు. రాజు తల ఊపాడు. నాలుకను ఊడదీశారు. దాన్ని బాగుచేయడానికి పన్నెండుమంది ఉద్యోగులతో ఒక కచేరి పెట్టారు. పన్నెండుమందీ మంత్రిగారి బంధువులే. రేపో మాపో బాగవుతుందిలే అనుకుని రాజు ఆ సంగతి మరిచిపోయాడు.

మూడో ఏడు వచ్చి, "ప్రభూ, ఇది తమ తాతగారి పవిత్ర స్మృతి. ఎవరు పడితే వారు తాకడమేమిటి?" అన్నాడు. రాజుకు తాతంటే ప్రాణం. మళ్ళీ తల ఊపాడు. గంటకు పట్టుబట్ట చుట్టి, పూలదండ వేసి, ఇద్దరు భటులను కాపలా పెట్టారు.

మూడూ విడివిడిగా వింటే రాజుకు సబబుగానే తోచాయి.

ఆ తరువాత గంట మోగితే ఒట్టు. రాజు మూడు పూటలా కడుపునిండా తిన్నాడు. తన రాజ్యంలో ఎవరికీ ఏ కష్టమూ లేదని పొంగిపోయాడు. ఏటా మాఘపౌర్ణమికి 'మోగని గంట పండగ' చేయించాడు. మంత్రికి మెచ్చుకోలుగా పెద్దకాలువ మొదట్లో విశాలమైన మాగాణి రాసిచ్చాడు. మంత్రి అందులో చెరకు వేశాడు.

ఇలా ఏడేళ్ళు గడిచాయి.

ఆ పెద్దకాలువకు చిట్టచివర అంచుపల్లె అనే ఊరుంది. అంచుపల్లెలో నీళ్ళు పంచే మనిషి ఈరన్న. కాలువ నీళ్ళను వంతు ప్రకారం పొలాలకు వదిలేవాణ్ణి ఆ సీమలో నీరుగంటి అంటారు. ఈరన్న ముప్పై ఏళ్ళుగా నీరుగంటి. పెద్దరైతు మడి అనీ, పేదరైతు మడి అనీ అతని పారకు తెలియదు. వంతు ఎవరిదైతే నీళ్ళు వారివే.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. కాలువ సన్నబడింది. మంత్రిగారి దగ్గర నుంచి హుకుం వచ్చింది. "మా చెరకు తడి తీరే దాకా చివరి తూము ఎత్తరాదు."

ఈరన్న వారం రోజులు ఓపిక పట్టాడు. పైరు పొట్టమీద ఉంది, నేడో రేపో వెన్ను తీయాలి. ఆకులు చుట్టలు చుట్టుకుపోతున్నాయి. మడులు నెర్రెలు విచ్చాయి. అతను రెండుసార్లు కబురు పంపాడు, రెండుసార్లూ జవాబు రాలేదు. మూడోసారి తానే నడిచి వెళ్ళి చూశాడు. చెరకుతోటలో మోకాటి లోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి. గట్టు తెగి, మిగిలిన నీళ్ళు వాగులో పడి వృథాగా పోతున్నాయి.

ఈరన్న అక్కడి నుంచే తిరిగి వచ్చాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా, పంచె ఎగ్గట్టి తూములోకి దిగాడు.

ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒక రైతుమనిషి ఉంది. యాభై దాటిన వయసు. భర్త పోయాడు. ఊరి చివరి మడి ఆమెదే. ఈరన్నకు చుట్టమేమీ కాదు గాని, చిన్ననాటి నుంచీ అతను ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

ఆమె పరుగెత్తుకొచ్చింది. "వద్దు తమ్ముడూ! మంత్రితో పెట్టుకోవద్దు. ఎత్తేది ఉంటే చీకటి పడ్డాక ఎత్తు. ఎవరు ఎత్తారో తెలియదు" అంది.

"అక్కా, దొంగసొత్తయితే చీకట్లో ఎత్తాలి. మన వంతు నీళ్ళకు చీకటి ఎందుకు?" అన్నాడు ఈరన్న.

తూము పలక పైకి లేచింది. నీళ్ళు గలగలమంటూ పరుగెత్తాయి. పిల్లలు కాలువ వెంట కేకలేస్తూ పరుగు తీశారు. ముసలివాళ్ళు మడిగట్ల మీద కూర్చుని, తడిసిన మట్టి వాసన పీల్చి కళ్ళు తుడుచుకున్నారు. రెండు రోజుల పాటు నీళ్ళు పారాయి.

మూడో రోజు తెల్లవారగానే గుర్రాల మీద భటులు వచ్చారు. ఈరన్న చేతులు వెనక్కి విరిచి కట్టారు. "వీడు నీళ్ళదొంగ!" అని చాటింపు వేసి కోటకు తీసుకుపోయారు. అప్పటికి చివరి మడి సగం కూడా తడవలేదు. ఈరన్న మెడ తిప్పి తిప్పి ఆ మడి వంకే చూస్తూ వెళ్ళాడు. అతను పోయాక తూము మూయించడానికి భటులు మనిషిని వెతికారు. ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు ముందుకు రాలేదు. పలక ఎలా దించాలో తెలియక, కాసేపు దానితో కుస్తీపట్టి, భటులు కూడా వెళ్ళిపోయారు.

పంట చేతికొచ్చింది. ఊరు ఊరంతా బతికింది.

కొత్తబియ్యం వండుకున్న రోజున సుంకులమ్మ కంచం ముందు కూర్చుంది. అన్నం మల్లెపూవులా ఉంది. ముద్ద కలిపింది. నోటి దాకా తెచ్చిన ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేసింది.

'ఈ ముద్ద పెట్టినవాడు ఏం తింటున్నాడో' అనుకుంది.

లేచి చెయ్యి కడుక్కుంది. ఈరన్న ఇంటికి వెళ్ళింది. అతని భార్య ఓబులమ్మ పొయ్యి దగ్గర ఊరికే కూర్చుని ఉంది.

"వదినా, ఊళ్ళో అందరూ వడ్లు తెచ్చి పోశారు. నాకు కొదవేమీ లేదు. ఆయన పేరు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. భయం" అంది ఓబులమ్మ.

ఆ మాట సుంకులమ్మ గుండెలో ముల్లులా దిగింది. వడ్లు ఇచ్చారు, నోరు మూసుకున్నారు. తానూ అంతే చేసింది.

"నేను ఎత్తుతాను ఓబులూ. రాజుగారి ముందే ఎత్తుతాను" అంది.

కొత్తబియ్యం మూటకట్టుకుంది. చేతికర్ర తీసుకుంది. నాలుగు రోజులు నడిచి కోటకు చేరింది.

కావలివాడు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏం అవ్వా, గంట కొట్టాలా? నిచ్చెన కావాలంటే ఊరికే రాదు. ఆ మూటలో ఏముంది?"

"అది నాది కాదు నాయనా, ఒకరికి ఇవ్వవలసింది" అని, సుంకులమ్మ తన చెవి కమ్మలు తీసి ఇచ్చింది. నిచ్చెన వచ్చింది. భటులు పక్కకు తిరిగారు. ఆమె ఒక్కొక్క మెట్టే పట్టుకుంటూ తొమ్మిది మూరలు ఎక్కి తాడు అందుకుని, ప్రాణమంతా పెట్టి లాగింది.

చప్పుడు లేదు. మళ్ళీ లాగింది. పట్టుబట్ట ఊగింది, అంతే.

"నాలుక లేదు అవ్వా. మరమ్మత్తు కచేరిలో ఉంది" అన్నాడు కావలివాడు కింది నుంచి.

"ఆ మాట ముందే చెప్పకూడదా నాయనా?"

"నువ్వు నిచ్చెన అడిగావు, ఇచ్చాను. నాలుక సంగతి అడిగావా?"

సుంకులమ్మ కచేరికి వెళ్ళింది. పన్నెండుమంది ఉద్యోగులు వరుసగా కూర్చుని తమలపాకులు నములుతున్నారు. మొదటివాడు రెండోవాణ్ణి చూపించాడు. రెండోవాడు మూడోవాణ్ణి చూపించాడు. పన్నెండోవాడు ఆమెను మళ్ళీ మొదటివాడి దగ్గరకే పంపాడు.

"అయ్యా, ఇంతకూ ఆ నాలుక ఎక్కడుంది?" అని అడిగింది.

"అదే వెతుకుతున్నాం. వెతకడానికి మరో కచేరి కావాలని రాసుకున్నాం. అది మంజూరు కాగానే పని మొదలుపెడతాం" అన్నాడు పెద్ద ఉద్యోగి గంభీరంగా.

మూడోనాడు ఆమె తిన్నగా గంట కిందికి నడిచింది. చేతికర్రను గురిచూసి పైనున్న గంట మీదికి విసిరింది. పట్టుబట్ట కింద కంచు 'ముక్' అంది. కింద పడ్డ కర్రను మళ్ళీ అందుకునే లోపల భటులు ఆమెను పట్టుకున్నారు. పవిత్రమైన గంటను కర్రతో కొట్టినందుకు మంత్రి ముందు నిలబెట్టారు.

ఆ రోజుల్లో భుజంగరాయుడికి పెద్ద చిక్కు వచ్చి పడింది. పండగ దగ్గరపడింది. ఏటా పండగనాడు ప్రజల్లోంచి ముగ్గురు వచ్చి కొలువులో కృతజ్ఞత చెప్పాలి. ఆ ఏడు ఇద్దరు దొరికారు గాని మూడోమనిషి దొరకలేదు. ఎంత ఇస్తామన్నా జనం చల్లగా తప్పించుకుంటున్నారు.

"ఏమిటే నీ ఫిర్యాదు?" అని గద్దించాడు మంత్రి.

సుంకులమ్మ నిదానంగా చెప్పింది. "ఫిర్యాదు కాదయ్యా. మాకు మేలు చేసిన ఒక మనిషి ఈ కోటలో ఉన్నాడు. ఎండిపోయే మా పైరుకు నీళ్ళిచ్చి ఊరిని బతికించాడు. ఆ మహానుభావుడికి రాజుగారి ఎదుట దండం పెట్టుకుందామని వచ్చాను. మరేమీ లేదు."

మంత్రి ముఖం చేటంత అయింది. కాలువలన్నీ తన అధికారం కిందివే. కోటలో ఉన్న మహానుభావుడు తాను కాక ఇంకెవరు? ఎక్కడో ఒక ఊళ్ళో తన వల్ల పొరపాటున మేలు జరిగినట్టుంది అనుకున్నాడు. ఆ ఊరి పేరైనా అడగలేదు.

"ఈ తల్లికి చాప వేయండి! మజ్జిగ ఇవ్వండి!" అన్నాడు. "రేపు కొలువులో చెప్పుదువు గాని. నీకు మంచి మాటలు రాసి ఇప్పిస్తాను. కంఠతా పట్టు."

"నేర్పిన మాటలు నా నోట నిలవవయ్యా. నా మాటలతోనే చెప్పుకుంటాను" అంది సుంకులమ్మ.

"మరీ మంచిది. అప్పుడే నిజంలా ఉంటుంది" అన్నాడు మంత్రి.

పండగనాడు కొలువు నిండిపోయింది. కోట మైదానంలో జనం నిలబడ్డారు. రాజు సింహాసనం మీద చిరునవ్వుతో కూర్చున్నాడు. పక్కనే మంత్రి జరీ శాలువాతో మెరిసిపోతున్నాడు.

మొదటివాడు ముందుకొచ్చాడు. "మహారాజా! మంత్రివర్యుల దయవల్ల మా ఊరికి రాజబాట పడింది. రావడం ఎంతో సుఖంగా ఉంది" అన్నాడు. అతని పంచె మోకాళ్ళ దాకా బురదగా ఉంది. జనంలో ఎవరో దగ్గారు.

రెండోవాడు వచ్చాడు. "మహారాజా! మంత్రివర్యుల పుణ్యమా అని మా ఊళ్ళో దొంగల భయం లేదు. తలుపులు బార్లా తీసి పడుకుంటున్నాం" అన్నాడు.

"ఎత్తుకుపోవడానికి ఏదైనా మిగిలితే కదా!" అంది ఒక గొంతు గుంపులోంచి. భటులు అటు తిరిగేసరికి అందరూ ఆకాశం వంక చూస్తున్నారు.

మూడో మనిషి సుంకులమ్మ. ఆమె మూట విప్పి కొత్తబియ్యం రాజుగారి ముందు పెట్టింది.

"మహారాజా, మాది కాలువ కొసన ఉన్న అంచుపల్లె. మొన్న పంటకు మా పైరు పొట్టమీద ఎండిపోసాగింది. పిల్లాజెల్లాతో వలసపోదామని మూటలు కూడా కట్టుకున్నాం. అప్పుడు ఒక మనిషి తూము ఎత్తి నీళ్ళిచ్చాడు. తన మెడ మీద కత్తి ఉందని తెలిసే ఇచ్చాడు. ఇదిగో, ఆ నీళ్ళకు పండిన బియ్యం. మా ఊళ్ళో రెండువందల పొయ్యిలు ఇవాళ వెలుగుతున్నాయంటే అది ఆ మనిషి చలవ. ఆయనకు దండం పెట్టుకోవాలి మహారాజా. అందుకే వచ్చాను."

ఏడేళ్ళ పండగల్లో రాజు ఎన్నో పొగడ్తలు విన్నాడు. ఇలాంటి గొంతు వినలేదు. అతను సింహాసనం మీద ముందుకు వంగాడు.

"ఎవరమ్మా ఆ పుణ్యాత్ముడు?" అన్నాడు.

'చలవ', 'దండం' అన్న మాటలు తప్ప మరేమీ చెవిన పడని భుజంగరాయుడు శాలువా సర్దుకుని, వినయంగా తల వంచుకుని లేచి నిలబడ్డాడు.

సుంకులమ్మ అతని వంక చూసింది. "తమరు కాదయ్యా. తమరు కూర్చోండి" అంది.

ఆమె మళ్ళీ రాజు వైపు తిరిగింది.

"ఆయన పేరు ఈరన్న. మా ఊరి నీరుగంటి. మీ చెరసాలలో ఉన్నాడు మహారాజా."

రాజు చిరునవ్వు ఆగిపోయింది. "నీళ్ళిచ్చినవాడు చెరసాలలో ఎందుకున్నాడు?"

"ఇచ్చినందుకే మహారాజా."

"తూము ఎవరు మూయించారు?"

"అది నేను చెప్పను. ఎవరి మీదా చాడీ చెప్పడానికి నేను రాలేదు. మేలు చేసినవాడి పేరు మీ చెవిన వెయ్యాలని వచ్చాను, వేశాను. మిగతాది మీరు అడిగి తెలుసుకోండి."

రాజు మెల్లగా లేచాడు. "ఇంత కష్టం వస్తే గంట ఎందుకు మోగించలేదమ్మా?"

"లాగాను మహారాజా. రెండు చేతులా లాగాను."

భుజంగరాయుడు గబగబా ముందుకొచ్చాడు. "ప్రభూ, గంట మోగుతూనే ఉంటుంది. జనం సంతోషంతో వేసే కేకల్లో తమకు వినబడి ఉండదు."

మైదానంలో వేలమంది ఉన్నారు. ఆకు కదిలితే వినబడేంత నిశ్శబ్దంగా ఉంది.

రాజు సింహాసనం దిగి కోట వాకిటి దాకా నడిచాడు. తాడు కోసం చెయ్యి చాచాడు. అందలేదు. కావలివాడు పరుగున నిచ్చెన తెచ్చాడు. చిన్నప్పుడు తాత భుజాల మీద కూర్చుని ఆ తాడు లాగిన రాజు, ఇప్పుడు కిరీటం ఒక చేత్తో పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. లాగాడు. మోగలేదు. పట్టుబట్ట తొలగించి లోపలికి తొంగి చూశాడు. నాలుక ఉండవలసిన చోట సాలెగూడు ఉంది.

నిచ్చెన మీదే అతను చాలాసేపు ఉండిపోయాడు. అక్కడి నుంచి జనమంతా కనిపించారు. చిరిగిన బట్టలు, ఎండిన ముఖాలు. ఏడేళ్ళలో అతను వారిని అంత సేపు ఎప్పుడూ చూడలేదు.

దిగి వచ్చి, "ఈరన్నను తీసుకురండి" అన్నాడు.

ఈరన్న వచ్చాడు. గడ్డం పెరిగింది. ఎముకలు తేలాయి. మూడు నెలల తర్వాత ఎండను చూసి కళ్ళు చిట్లించాడు. ఎదురుగా రాజు ఉన్నాడని అతనికి తెలియలేదు. సుంకులమ్మ మాత్రం కనిపించింది.

"అక్కా," అన్నాడు, "నీ చివరి మడికి నీళ్ళు చేరాయా?"

సుంకులమ్మ తల ఊపింది. వంగి ఆ బియ్యం గుప్పెట నిండా తీసి అతని దోసిట్లో పోసింది. చిన్నవాడని చూడకుండా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఈరన్న గింజ ఒకటి నోట్లో వేసుకుని కొరికి చూశాడు.

"బాగా పాలుపోసుకుంది, గింజ నిండుగా ఉంది" అన్నాడు. అతని ముఖం వెలిగింది.

రాజు తల దించుకున్నాడు. నీళ్ళు చివరి మడికి చేరాయా అన్న ప్రశ్న ఏడేళ్ళలో తన కొలువులో ఎవరూ అడగలేదు. తానూ అడగలేదు.

"ఇందులో సగం తప్పు మంత్రిది. సగం నాది. తలనొప్పి వస్తుందని చెవులు మూసుకున్నది నేనే. నా చెవుల్లో అతను దూది కుక్కాడు, అంతే" అన్నాడు జనంతో.

రాజు అందరినీ అడిగి జరిగిందంతా తెలుసుకున్నాడు. ఆ సాయంత్రమే మూడు తీర్పులు వెలువడ్డాయి.

కావలివాడి దగ్గర కమ్మలు తీసుకుని రాజు తన చేతులతో సుంకులమ్మకు ఇచ్చాడు. గంటకు కొత్త నాలుక పెట్టించి, తాడు కిందికి దింపించి, కచేరిలోని పన్నెండుమందినీ కాలువ పూడిక తియ్యడానికి పంపాడు. భుజంగరాయుడి శాలువా తీయించి, "చెరసాల నీకు చాలా తేలిక శిక్ష. మూడేళ్ళు అంచుపల్లెలో ఈరన్న చేతి కింద పని చెయ్యి. ఆ చివరి మడి పక్కనే నీకొక మడి ఇస్తున్నాను. అది పండితేనే నీకు తిండి" అన్నాడు.

ఈరన్నను ఏం కావాలో కోరుకోమన్నాడు.

"ఒక కట్టుబాటు చేయండి మహారాజా. కాలువలో నీళ్ళు వచ్చినప్పుడు ముందు చివరి మడి తడవాలి. అక్కడి నుంచి వెనక్కి రావాలి. చివరివాడికి అందితే మధ్యలో వాళ్ళందరికీ అందినట్టే" అన్నాడు ఈరన్న.

రాజు ఆ మాటను రాతి మీద చెక్కించాడు.

సుంకులమ్మను అడిగితే ఆమె ఇలా అంది. "నాలుగు రోజులు నడుచుకుంటూ వస్తుంటే దారిపొడుగునా నాకు ఎందరో అన్నం పెట్టారు, పడుకోవడానికి అరుగు ఇచ్చారు. వాళ్ళ పేర్లు కూడా చెప్పుకోవాలని ఉంది మహారాజా. నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. ఏడాదికి ఒక్కరోజు, మేలు పొందినవాళ్ళు వచ్చి మేలు చేసినవాళ్ళ పేర్లు చెప్పుకునేలా చేయండి. చెప్పినవాళ్ళకు ఏమీ ఇవ్వకండి. ఇస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

రాజు నవ్వాడు. ఆ నవ్వులో కళ్ళు తడిశాయి. ఆ రోజున ఆ బియ్యమే వండించి, ఈరన్నతోనూ సుంకులమ్మతోనూ కలిసి నేల మీద కూర్చుని తిన్నాడు.

మరుసటి ఏడు మాఘపౌర్ణమికి జనం వచ్చారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏమీ ఇస్తామనలేదు. ఒకడు తన బిడ్డను వాగు దాటించిన పడవవాడి పేరు చెప్పాడు. ఒక తల్లి మూడు రాత్రులు తన పక్కన కూర్చున్న మంత్రసాని పేరు చెప్పింది. నలభై పేర్లు వచ్చాయి. కొలువులోని వారి పేరు ఒక్కటీ రాలేదు. రాజు చెవి ఒగ్గి విన్నాడు. తలనొప్పి రాలేదు.

రెండో ఏడు నూరు పేర్లు వచ్చాయి. అందులో ఒకటి రాజుది. కరువులో గాదెలు తెరిపించినందుకు ఒక ముసలివాడు చెప్పాడు. రాజు చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

మూడో ఏడు అంచుపల్లె నుంచి సుంకులమ్మ మళ్ళీ వచ్చింది.

"మహారాజా, ఈ ఏడు వరదకు మా కాలువగట్టుకు గండి పడింది. ఊరు మునిగేది. మేం మట్టి తట్టలు తెచ్చే దాకా ఒక మనిషి ఆ గండికి అడ్డంగా పడుకుని, నీళ్ళను వీపుతో ఆపాడు. మొదటి ఏడు ఆయనకు పార పట్టడం రాలేదు. మడికి నీళ్ళు కట్టడం చేతకాక పైరు ఎండితే మడిలో కూర్చుని ఏడ్చాడు. రెండో ఏడు ఈరన్న వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. ఈ ఏడు మా ప్రాణాలు కాపాడాడు. ఆయన పేరు భుజంగన్న."

గుంపు చివర, తలపాగా చుట్టుకుని, పగిలిన అరచేతులతో నిలబడ్డ ఒక మనిషి ఆ పేరు విన్నాడు. ఒకప్పుడు అతను వేలసార్లు తన పేరు పొగిడించుకున్నాడు. ప్రతి పొగడ్తకూ ఏదో ఒకటి ఇచ్చాడు. ఇవాళ ఏమీ ఇవ్వకుండా, ఎవరినీ అడగకుండా, తన పేరు ఒక మనిషి నోట ప్రేమగా వినబడింది.

అతను అక్కడే నేల మీద కూలబడి, తువాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పక్కనే ఉన్న ఈరన్న అతని వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"మూడేళ్ళూ అయిపోయాయి భుజంగన్నా. ఇక నీ ఇష్టం, కోటకు పోతావా?" అని అడిగాడు.

"నాట్లు దగ్గరపడ్డాయి, ఇంటికి పోదాం పద" అన్నాడు భుజంగన్న.

కాబట్టి పిల్లలూ, అధికారం ఉంటే పొగడ్తను కొనుక్కోవచ్చు, కాని కృతజ్ఞతను మాత్రం మేలు చేసే సంపాదించుకోవాలి.